ఎడమ వైపు, వెల్లకిలా, కుడి వైపు

మధ్యాహ్నం మందులు వేయడం అయ్యాక ఆ వృద్ధాశ్రమంలో కర్టెన్లు లాగేస్తారు. పట్టపగలే మసక చీకటి. గురకలు, ఆక్సిజన్ సీసాలో బుడబుడలు, ఫినాయిల్ వాసన. దాని అడుగున, ఎన్నాళ్లున్నా ముక్కుకి అలవాటు కాని ఇంకో వాసన.

చిన్న నర్సు చేరి నాలుగు నెలలే. మంచం మీంచి కదల్లేని వాళ్లని రెండు గంటలకోసారి తిప్పాలి. ఎడమ వైపు, వెల్లకిలా, కుడి వైపు. తిప్పినప్పుడల్లా మంచానికి వేలాడే చార్టులో టిక్కు పెట్టాలి. తిప్పకపోతే బరువంతా ఒకేచోట పడి ఒళ్లు పుండవుతుంది. చదువుకునేటప్పుడు ఇదంతా ఆ పిల్లకి నోటికొచ్చు. ఇక్కడ పెద్ద నర్సు చెప్పిన పాఠం వేరు. పొద్దున్నే టిక్కులన్నీ పెట్టేసుకో అమ్మాయ్, కాగితం కడుపు నిండితే ఎవరూ ఏమీ అడగరు, అంది. ముప్పై మందికి ఇద్దరే నర్సులు. ఈ పిల్లా సరేనంది.

అలా మూడు వారాలు. కిటికీ పక్క మంచం మీద, పక్షవాతంతో మాట పడిపోయిన టీచరమ్మ వెల్లకిలానే ఉండిపోయింది. నడుం కింద పుండు ఎముక దాకా పోయింది. ఆవిడ పోయి పది రోజులైంది. ఆ ఆశ్రమంలో అలా పోయినవాళ్లలో ఆవిడ మొదటి మనిషీ కాదు. చార్టులో మాత్రం ఒక్క టిక్కు తప్పలేదు.

ఆ రోజు నుంచి ఈ పిల్ల అందర్నీ వేళకే తిప్పుతోంది. ఏం లాభం?

ఇవాళ ఐదింటికి టీచరమ్మ కూతురు సామాను తీసుకెళ్లడానికి వస్తోంది. ఉద్యోగం పోతే పోనీ, ఆవిడకి నిజం చెప్పేయాలి అనుకుని పొద్దుట్నుంచి ఆ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతోంది.

రెండింటికి కిటికీ పక్క మంచం దగ్గరికెళ్లింది. ఇప్పుడందులో ఒక తాతగారున్నాడు. తనంతట తాను వేలు కూడా కదపలేడు. ఆయన్ని ఎడమ వైపు తిప్పాలి.

అప్పటికే ఎడమ వైపు తిరిగి ఉన్నాడు. వీపు వెనక దిండు. మోకాళ్ల మధ్య దిండు. అచ్చం పాఠం పుస్తకంలో బొమ్మలా.

ఆయాని అడిగింది. గిన్నెలు తోమడానికే చేతులు చాలట్లేదు, ఇక మనుషుల్ని కూడా తిప్పాలా, అని ఆయా నవ్వేసింది.

నాలుగింటికి వెళ్లేసరికి ఆయన వెల్లకిలా ఉన్నాడు. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. ఆ వాసన... పుండు వాసన. తాతగారి ఒంటి మీద గీత కూడా లేదు మరి.

ఆయన కళ్లు తెరిచాడు.

"ఇందాకటావిడ చేతులు మరీ చల్లగా ఉన్నాయమ్మా," అన్నాడు గుసగుసగా.

"ఎవరు తాతయ్యా?"

"ఏమో. ఆ పిల్ల ఒక్కతే ఎంతమందిని చూస్తుంది పాపం, నేను తిప్పుతాలే అంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావో కూడా అడిగింది."

ఐదింటికి కూతురు వచ్చింది. రెండు జతల బట్టలు, కళ్లజోడు సంచిలో పెట్టుకుంది. తేలు కుట్టిన దొంగలా గోడవార నిలబడ్డ పిల్ల దగ్గరికి తనే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మని సరిగ్గా తిప్పేవాళ్లా చెల్లీ? నిజం చెప్పు. నాకు నిద్ర పట్టట్లేదు."

మాట నాలుక చివరి దాకా వచ్చింది. గుమ్మంలోంచి పెద్ద నర్సు చూస్తోంది.

"రెండు గంటలకోసారి అక్కా. ఒక్కసారి కూడా తప్పలేదు."

కూతురు కళ్లు తుడుచుకుని, నువ్వు చల్లగా ఉండాలమ్మా, అని వెళ్లిపోయింది.

పిల్ల డ్యూటీ దిగి, ఆశ్రమం వెనకున్న తన గదికొచ్చి, గడియ పెట్టి, యూనిఫాంతోనే వెల్లకిలా పడింది. ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి ముఖం గోడ వైపు ఉంది.

ఎడమ వైపు.

వీపు వెనక ఏదో మెత్తగా దోపి ఉంది. మోకాళ్ల మధ్య కూడా. లేవబోయింది... ఒళ్లు కదల్లేదు. నోరు తెరిచింది... మాట రాలేదు.

వెనక మంచం కుంగింది.

తుంటి మీద చల్లటి చెయ్యి పడింది. ఎంతో జాగ్రత్తగా. భుజం మీద ఇంకోటి. క్షమించండి టీచరమ్మా, అనుకుంది లోపల్లోపలే.

మోకాలి దగ్గర మూడో చెయ్యి పడింది.

తల కింద నాలుగోది.

మడమల కింద... ఐదోది.