ఆదివారం ఫొటోలు

భవానీపూర్ మెట్రో మెట్ల మీద తిరుపతిరావు కూలిపోయినప్పుడు, పాపం ఎండదెబ్బ అనుకున్నారు జనం. మెడ మీద గుండుసూది గుచ్చినంత గాయాన్ని డాక్టరు చూసేసరికి ఆ నిఘా సంస్థ ఏజెంట్ ప్రాణం పోయి చాలాసేపయింది. అతని ఫోను నుంచి హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్ళిన చివరి మెసేజ్ మూడే ముక్కలు: ఆదివారం ఫొటోలు చూడండి.

మర్నాడు, సోమవారం, చీఫ్ ప్రేమ్‌సాగర్ ఎరిక్‌ని పిలిపించాడు. ఎరిక్ టెక్నికల్ సెక్షన్ మనిషి. తుపాకీ పట్టింది ట్రైనింగ్‌లోనే, అదీ కళ్ళు మూసుకుని. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. కార్బన్ అనే విదేశీ ముఠా ఖిదిర్‌పూర్ డాక్ దగ్గర ఒక గోడౌన్‌లో పేలుడు పదార్థం దించింది. ఇవాళ మధ్యాహ్నం నౌకాదళం ఓడ ఒకటి డాక్‌లోకి వస్తోంది. ఆ సరుకు గోడౌన్ దాటి ఎక్కడికి పోయిందో ఈలోపే తేలాలి.

"ఆ గోడౌన్ మీద రహస్య కెమెరా పెట్టింది నువ్వే కాబట్టి నువ్వే వెళ్ళాలి," అన్నాడు చీఫ్.

"నాకు భయం సార్."

"తిరుపతిరావుకి భయం లేదు. ఏమైందో చూశావుగా."

ఎరిక్ మేనత్త రోజమ్మ ఇల్లు ఆ గోడౌన్‌కి ఎదురుగానే ఉంది. ఆమె డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, తుప్పు పట్టిన డబ్బాలో దాగి ఉంది కెమెరా. దాన్ని నడిపేది పేకముక్కంత సింగిల్ బోర్డ్ కంప్యూటర్. ఎరిక్ రాసిన చిన్న ప్రోగ్రామ్ నిమిషానికో ఫొటో తీయించి, తేదీ, టైమూ పేరుగా పెట్టి మెమరీ కార్డులో దాచేస్తుంది. అన్నీ వరసగా తిప్పితే రోజంతా కాసేపట్లో కళ్ళముందు పరిగెత్తి పోతుంది.

అతను వెళ్ళేసరికి జూలీ డాబా మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ముఠాలోకి మన తరఫున దూరిన ఏజెంట్. భీమవరంలో పాస్టరుగారి అమ్మాయినని చెప్పుకుంటుంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె నవ్వితే ఎరిక్‌కి పాస్‌వర్డ్ కూడా మర్చిపోయేంత పనవుతుంది.

"డాక్‌లో నీళ్ళు తగ్గాయా?" అని సంకేతవాక్యం అన్నాడు ఎలాగో.

"ఉప్పు మిగిలింది," అంది జూలీ. కార్డులోని ఫొటోలన్నీ దించి ఉంచానని, టైము కలిసొస్తుందని చెప్పింది.

ఆదివారం ఫొటోలు తిరిగాయి. లారీల నీడలు జరిగాయి, మేఘాలు ఉరికాయి. గోడౌన్ తలుపు తెరుచుకోలేదు. ఏమీ లేదు కదా, తిరుపతిరావు పొరబడ్డాడేమో అంది జూలీ. ఎరిక్ తలూపబోయి ఆగిపోయాడు. ఫొటో కుడి మూల, దండెం మీద, అత్త ఎర్రంచు చీర, మావయ్య ఖాకీ చొక్కా రెపరెపలాడుతున్నాయి.

రోజమ్మ ఆదివారం సబ్బు ముట్టదు. అది దేవుడి రోజు. ఆమే కాదు, ఆ వీధి తెలుగు క్రైస్తవుల డాబాల మీద ఆదివారం తడిబట్ట ఒక్కటీ కనపడదు. ఇవి శనివారం ఫొటోలు. వాటికి ఆదివారం తేదీలు తగిలించారు. ఈ మాత్రం తెలియని పాస్టరు కూతురు ఎవరు?

 జూలీ సెంటు వాసన మరీ దగ్గరగా వస్తోంది. తల తిరుగుతోంది, అత్తనడిగి టీ తెచ్చిపెడతారా అన్నాడు ఎరిక్. తల తిరగడం అబద్ధం కాదు.

ఆమె దిగగానే డబ్బా తెరిచాడు. కరెంటు పోయి కార్డు పాడైపోతుందని ఎరిక్‌కి ఎప్పుడూ బెంగే. అందుకే ప్రతి ఫొటోకీ రెండో కాపీ, బోర్డు కింద టేపుతో అంటించిన పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. పిరికివాడని నవ్వుతారని ఆ సంగతి రిపోర్టులో రాయలేదు.

అసలు ఆదివారం తెర మీదికొచ్చింది. దండెం ఖాళీ. వీధి వీధంతా చర్చికి పోయిన వేళ, గోడౌన్‌లోంచి ఇద్దరు మనుషులు ఎర్రటి ఫైర్ సిలిండర్ మోసుకుంటూ వచ్చారు. పక్కనే ఉన్న, డాక్ వంతెన ఎత్తే కేబిన్‌లోకి పోయి ఉత్త చేతులతో బయటికొచ్చారు. వాళ్ళ పక్కన నీలం చీర.

ఆ కేబిన్‌లో ఇప్పుడు డ్యూటీలో ఉన్నది మావయ్య సత్యానందం. ఓడ రాగానే వంతెన మోటారు స్విచ్ వేసేది ఆయనే. డ్యూటీలో ఫోను దగ్గర ఉంచుకోడు. నదివైపు నుంచి ఓడ కూత వినిపించింది. ఎరిక్ పెన్‌డ్రైవ్ లాగేసి మెట్లవైపు తిరిగాడు.

"రెండో కాపీ ఉందని చెప్పనేలేదే," అంది జూలీ. ఎడమచేత్తో టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. కుడిచేతిలో సైలెన్సర్ పిస్తోలు. "ఇలా ఇవ్వు."

చేతులెత్తి కళ్ళు మూసుకున్నాడు ఎరిక్. అమ్మ ముఖం గుర్తొచ్చింది. ప్రార్థన మాత్రం ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఏటమ్మా, మా పిల్లోడి మీద తుపాకీ ఎత్తినావేటి?"

ఉతికిన బట్టల బకెట్‌తో రోజమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. జూలీ తిరిగేలోపే తడి దుప్పటి ఆమె తల మీద పడింది. తూటా నీళ్ళట్యాంకులో దిగి, నీళ్ళు ధార కట్టాయి. పిస్తోలు జారిపోయింది. రోజమ్మ తన బరువంతా వేసి దుప్పటి మీద కూర్చుంది.

"అత్తా, మావయ్య కేబిన్‌లో బాంబు."

రోజమ్మ దుప్పటిని ఇంకా అదిమి పట్టింది. "నాను కదల్ను. బేగెల్లరా," అంది.

చెప్పుల్లేకుండా పరిగెత్తాడు ఎరిక్. వంతెన గంట మోగుతోంది. బస్సులు ఆగిపోయాయి, కండక్టర్లు అరుస్తున్నారు. వాళ్ళను తోసుకుని కేబిన్ తలుపు గుద్దుకుంటూ లోపల పడేసరికి మావయ్య చెయ్యి స్విచ్ మీద ఉంది.

"మావయ్యా, వద్దు." గోడ మీది మెయిన్ ఫ్యూజ్ లాగి పారేశాడు.

"ఏట్రా ఇది? ఓడొచ్చీసింది," అన్నాడు సత్యానందం. ఎరిక్ చెయ్యి చూపించాడు. స్విచ్ కింద నుంచి కొత్త తీగ ఒకటి ఎర్ర సిలిండర్ వెనక్కి పోతోంది. సత్యానందం నేల మీద కూలబడి మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. బాంబు స్క్వాడ్ వచ్చినా విడవలేదు. 

సాయంత్రానికి గోడౌన్‌లో ముఠా మొత్తం దొరికింది. ఎరిక్‌ని సాహస పతకానికి సిఫార్సు చేస్తూ ఫైలులో పెట్టాలని, డబ్బా తెరిచినప్పుడు డాబావైపు తిరిగిపోయిన కెమెరా తీసిన ఫొటోలు తెప్పించాడు ప్రేమ్‌సాగర్. నిమిషానికి ఒకటే కాబట్టి పనికొచ్చేవి రెండే ఉన్నాయి. మొదటిదాంట్లో ఎరిక్ చేతులెత్తి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండోదాంట్లో ఎరిక్ లేడు. దుప్పటి మూట మీద రోజమ్మ కూర్చుని, జూలీ తెచ్చిన టీ తాగుతోంది.

చీఫ్ రెండింటినీ ఎరిక్ ముందు పక్కపక్కన పెట్టాడు.

"మీ అత్తగారి పూర్తి పేరేమిటి?" అన్నాడు పెన్ను తీస్తూ.