దెయ్యాన్ని గుద్దిన శశిభూషణ్

తార్నాక వైపు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వచ్చి, హాస్టళ్ళు దాటి వెనక్కి పోయే రోడ్డు మీద ఒక పాత పంపుహౌస్ ఉంది. పంపు ఎప్పుడో పోయింది, హౌస్ సగం మిగిలింది. ఆ మిగిలిన సగం మంచిది కాదంటారు.

ఏం మంచిది కాదో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరు చెబుతారు. తెల్లచీర అని కొందరు. చీరా గీరా ఏం లేదు, ఒట్టి జుట్టే అని కొందరు. హాస్టల్ పిల్లల లెక్క వేరు — అది పీహెచ్‌డీ మధ్యలో పోయిన ఒక స్కాలర్ ఆత్మట, గైడ్ సంతకం కోసం థీసిస్ చంకన పెట్టుకుని ఇంకా తిరుగుతోందట. ఏదైతేనేం, చెట్లు గుబురుగా కమ్ముకుని దీపం స్తంభం వెలుతురు నేలకు దిగని ఆ మలుపులో, చీకటి ఉండగా ఎవరూ ఒంటరిగా ఆగరు. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నేను కలిపింది ఉప్పంత.

శశిభూషణ్‌కు నలభై ఏడేళ్ళు. బీమా ఆఫీసులో ఉద్యోగం, తార్నాకలో సొంత ఫ్లాటు. షుగర్ గడప దాకా వచ్చింది, రోజూ నడవండి అన్నాడు డాక్టర్. నడిస్తే ఎవరు చూస్తారు? అందుకని సైకిల్ కొన్నాడు. మామూలు సైకిల్ కాదు, రెండు వేళ్ళతో పైకి లేపొచ్చు. బరువు తగ్గాలని దానికి స్టాండు పెట్టలేదు, మడ్‌గార్డు పెట్టలేదు, ఆఖరికి బెల్లు కూడా పెట్టలేదు. ఆయన బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మొదటి ఆదివారం ఒంటికి అతుక్కుపోయే రంగు బట్టలు తొడిగి, పుట్టగొడుగు లాంటి హెల్మెట్ పెట్టుకుని బయలుదేరుతుంటే, భార్య వనజ తలుపు దగ్గర నిలబడి ఎగాదిగా చూసింది.

"చీకట్లనే పోయి చీకట్లనే రాండ్రి" అన్నది.

ఆదివారం సైకిళ్ళ బృందంలో ఎనిమిది మంది. ఐదున్నరకు కలిసి క్యాంపస్‌లో రెండు చుట్లు తొక్కుతారు. తర్వాత తార్నాక హోటల్లో ఇడ్లీ, వడ, పూరీ, రెండేసి చాయ్‌లు. కరిగించినదంతా వడ్డీతో సహా వెనక్కి తెచ్చుకుని, ఫోన్లు తీసి ఎవరెంత వేగం తొక్కారో చూసుకుంటారు. ఆ పట్టీలో శశిభూషణ్ పేరు ఎప్పుడూ కింది నుంచి రెండోది. ఆఖరి పేరు మోకాలు ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయనది.

ఆ అవమానం భరించలేకే ఆయన ఒక ఆదివారం అందరికంటే ముందు, నాలుగూ ముప్పావుకే, ఒక్కడే పంపుహౌస్ రోడ్డెక్కాడు. చూపు రోడ్డు మీద లేదు, హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ మీద ఉంది. ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది —

దబ్.

హ్యాండిల్ పక్కకు గుంజుకుంది. మోచెయ్యి పంపుహౌస్ గోడకు గీరుకుపోయింది. వెనక నుంచి ఒక గొంతు, సన్నగా — "అమ్మా..."

శశిభూషణ్ ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. సైకిల్ దానంతటది నాలుగు గజాలు దొర్లింది. తొక్కాడు. ఆయన జీవితంలోకెల్లా ఎక్కువ వేగం, ముప్పై నాలుగు, ఫోన్లో ఆ రోజే పడింది. పారిపోయేటప్పుడు ఎవరికైనా పడుతుంది.

హోటల్ దగ్గర బృందం నాయకుడు దివాకర్ మోచేతి రక్తం చూసి "ఏమైందన్నా?" అన్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఎనిమిది ప్లేట్ల ఇడ్లీ, ఏడు జతల కళ్ళు. ఎవరినో గుద్ది వదిలేసి వచ్చానని ఆ కళ్ళకు ఎట్లా చెబుతాడు?

"పంపుహౌస్ కాడ... ఏదో గుంజింది" అన్నాడు.

అంతే. ఎవరూ వడ ముట్టలేదు. చాయ్‌లు చల్లారిపోయాయి. దెయ్యాలు "అమ్మా" అంటాయా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి శశిభూషణ్ దశ తిరిగింది. వేగం పట్టీలో ఎవరెక్కడున్నారో అడిగే నాథుడు లేడు. కొత్తగా వచ్చిన వాళ్ళకు "ఈ అన్ననే... దెయ్యాన్ని గుద్దిన అన్న" అని పరిచయం చేసేవారు. చెప్పగా చెప్పగా కథకు జుట్టు మొలిచింది, గోళ్ళు మొలిచాయి. పగటిపూట ఆయనే నమ్మేవాడు. తెల్లవారుజామున మెలకువ వస్తే మాత్రం ఆ గొంతు ఒక్కటే వినిపించేది. అప్పుడు పక్కకు తిరిగి పడుకుని మొక్కుకునేవాడు — దెయ్యమే అయ్యుండాలి స్వామీ, దెయ్యమే అయ్యుండాలి. దెయ్యాలంటే జనం భయపడతారు. దెయ్యం లేకపోతే ఏమవుతుందోనని భయపడ్డవాడు ఆయనొక్కడే.

ఆరు ఆదివారాలు గడిచాయి. ఏడో వారం, రజిని అనే రీసెర్చ్ స్టూడెంట్ బృందంలో చేరింది. పాత సైకిల్, పక్క వీధి వాళ్ళకు కూడా వినపడే బెల్లు. కథంతా విని, "మళ్ళ పోయి చూసిండ్రా అంకుల్?" అన్నది.

అంకుల్ అన్నందుకు సగం మంట, ప్రశ్నకు మిగతా సగం.

"నాకేం భయమా?" అన్నాడు.

"గదే కదా" అని దివాకర్ అందుకున్నాడు. "వచ్చే ఐతారం అన్న ఒక్కడే పోతడు. వీడియో తీస్కొస్తడు. మనం హోటల్ కాడ ఉందం."

నోరే తనకు శత్రువని శశిభూషణ్‌కు అప్పుడు తెలిసింది.

ఆదివారం. నాలుగూ నలభై. చలికి పళ్ళు టకటకమంటున్నాయి, లేదా చలి అని ఆయన అనుకున్నాడు. హాస్టళ్ళు దాటాడు. ఆఖరి దీపం దాటాడు. చెట్లు మొదలయ్యాయి...

సైకిల్ ముందున్న తెల్ల లైటు రెండు గజాలు చూపిస్తోంది, మూడోది చూపించడం లేదు. తొక్కడం మానేసి సైకిల్‌ను దానంతటది దొర్లనిచ్చాడు. పంపుహౌస్ గోడ కనిపించింది. గోడ మీద ఆయన మోచెయ్యి గీరిన చోటు కోసం కళ్ళు వెతికాయి.

అప్పుడు వినిపించింది.

సర్ర్... సర్ర్... టక్.

బ్రేకు నొక్కాడు. చప్పుడు ఆగలేదు. సర్ర్... సర్ర్... టక్. జుట్టు నేల మీద ఈడుస్తున్నట్టు. మలుపు అవతల ఏదో మెరిసింది, మనిషి ఎత్తులో సగం ఉంది, వంగి ఉంది, దగ్గరికి వస్తోంది.

లోపల మాత్రం ఒక పిచ్చి ఆశ. వచ్చెయ్ తల్లీ. జుట్టుతో రా, గోళ్ళతో రా. నువ్వు దెయ్యానివైతే నేను బతికిపోతాను.

"ఎవరూ...?" అన్నాడు.

చప్పుడు ఆగింది.

"ఎవలయ్యా గాడ?"

"నేను."

"నేనంటే?"

ఫోన్ టార్చి వేశాడు. నీలం చీర మీద మెరిసే పట్టీల జాకెట్ వేసుకున్న ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. ఒక చేతిలో పొడుగు చీపురు, ఇంకో చేతిలో కర్ర. చీర అంచు కింద మోకాలికి కట్టు. వారాసిగూడ నుంచి వచ్చి ఆ రోడ్లు ఊడ్చే సాలమ్మ ఆమె.

ఆయన చూపు ఆ కట్టు మీద నుంచి కదల్లేదు. నోరు తనంతట తనే అడిగింది.

"కాలికి... ఏమైందమ్మా?"

"నాకా?" చీపురు గోడకు ఆనించింది సాలమ్మ. "దెయ్యం గుద్దింది సార్. గీడనే."

శశిభూషణ్‌కు ప్రాణం లేచివచ్చింది. సాక్షి. తనకొక సాక్షి దొరికింది. తను చెప్పింది అబద్ధం కాదు, ఆమె కూడా అదే చెబుతోంది. ఆ క్షణంలో ఆమె కాళ్ళకు మొక్కమన్నా మొక్కేవాడు. గబగబా ఫోన్లో వీడియో మొదలుపెట్టాడు.

"మళ్ళొక్కసారి చెప్పమ్మా. ఏమేం చూసినవో అంతా చెప్పు."

"ఐతారం జల్ది ఊడ్చి ప్రార్థనకు పోవాలె సార్, అందుకే చీకట్లనే వస్త. ఆ దినం వంగి ఆకులు కుప్ప జేస్తున్న. సప్పుడు లేకుంట వచ్చి గుద్దింది. కింద పడ్డ. తలకాయెత్తి చూస్తే పోతున్నది..."

"ఎట్లున్నది?"

"ఇంత లావు తలకాయ. ఒంటి మీద బట్టల్లేవు సార్, ఒట్టి తోలే, రంగురంగుల తోలు. ముందల తెల్ల కన్ను. వెనక ఎర్ర కన్ను, కొట్టుకుంటున్నది."

ఫోన్ పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది. రెండో చెయ్యి మెల్లగా వెనక్కి పోయి, సీటు కింద కొట్టుకుంటున్న ఎర్ర లైటును ఆర్పింది.

"ఇగ పోయేటప్పుడు సప్పుడు చేసింది. కిర్ర్ర్ అని, తేనెతుట్టె కదిలిచ్చినట్టు."

వీడియో ఆగిపోయింది. ఆపింది ఆయనే.

"ఇరవై దినాలు మంచం మీదున్న" అన్నది సాలమ్మ. "మా వాడకట్టుల అందరన్నరు, ఎవడో బండోడు గుద్ది పోయిండే అని. నేను కాదన్న. మనిషైతే ఆగుతడు గదా సార్. కుక్కను గుద్దినా దిగి చూస్తరు. నేను 'అమ్మా' అని మొత్తుకున్న. మనిషైతే ఆగకపోతడా?"

శశిభూషణ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"సార్, జర ఆ స్తంభం దాకా రాండ్రి నాతోని. ఒక్కదాన్ని పోవాలంటే పానం గుబగుబ అంటున్నది."

తనంటే భయపడే మనిషి తననే తోడు రమ్మంటోంది. పోనని ఎట్లా అంటాడు? సైకిల్ పట్టుకుని ఒక అడుగు వేశాడు. వెనక చక్రం దొర్లింది.

కిర్ర్ —

అక్కడే బిగుసుకుపోయాడు. తొక్కకుండా దొర్లిస్తే ఆ జాతి సైకిళ్ళన్నీ చేసే చప్పుడది. ఎంత ఖరీదైనదైతే అంత గట్టిగా చేస్తుంది. ఆయన దాన్ని గబుక్కున పైకెత్తి భుజం మీద వేసుకున్నాడు.

"పంచరా సార్?"

"ఆ... పంచర్."

"పంచరైతే నూకుకుంట పోతరు గద?"

ఆయన సైకిల్‌ను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. సాలమ్మ మళ్ళీ అడగలేదు. చీపురు చంకన పెట్టుకుని కర్ర పోటు వేసుకుంటూ నడిచింది. పక్కన ఒక పెద్దమనిషి, రంగురంగుల బట్టల్లో, సైకిల్‌ను మోసుకుంటూ. ఎవరైనా ఎదురొస్తే వాళ్ళే జడుసుకునేవారు.

రెండు వేళ్ళతో లేచే సైకిల్ నూరడుగులకే బరువెక్కింది. చక్రం తిరగకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ చెయ్యీ నొప్పి పుట్టింది. ఆమె కుంటుతున్న ప్రతి అడుగూ వినిపిస్తోంది. చెప్పాలి. ఇక్కడే చెప్పాలి. ఇక్కడ ఇడ్లీ ప్లేట్లు లేవు, ఏడు జతల కళ్ళు లేవు.

"అమ్మా..." అన్నాడు.

"ఏంది సార్?"

కర్ర చప్పుడు ఆగింది. ఆమె ఎదురుచూసింది.

"ఏం లేదు."

"సరే సార్."

జేబులో ఫోన్ వణికింది. హోటల్ దగ్గర నుంచి దివాకర్. దెయ్యం దొరికిందా అని అడగడానికి. మోగి మోగి ఆగిపోయింది.

స్తంభం వచ్చింది. వెలుతురు కింద సాలమ్మ నిలబడి, మొదటిసారి ఆయన్ను హెల్మెట్ నుంచి బూట్ల దాకా తీరిగ్గా చూసింది. ఆమె మొహంలో భయం ఏ మూలా లేదు.

"ఇగ దించుండ్రి సార్. భుజం నొస్తది."

"పర్వాలేదమ్మా."

"దించుండ్రి" అన్నది సాలమ్మ. చంకలోని చీపురు తీసి వంగి, ఆకులు కుప్ప చేయడం మొదలుపెట్టింది. "మీరొచ్చేటప్పుడే విన్న ఆ సప్పుడు."