గుమ్మంలోనే గడిచిన కాపురం

"అడిగి మరీ రాత్రి డ్యూటీ వేయించుకున్నారా! ఎవరూ బలవంతపెట్టకుండానే!"

కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది నర్సమ్మ. కూరగాయల దుకాణం దగ్గర కండక్టరు భార్య మాటల్లో మాటగా అనేసింది... "అన్నయ్యగారు రాత్రి బస్సే కావాలని పట్టుబట్టారట కదా వదినా!" అని. పైకి నవ్వి ఊరుకుంది గానీ, ఇంటికొచ్చాక ఆగలేక అడిగేసింది. డ్రైవరు మొగుడేమో ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ తలొంచుకున్నాడు.

పాప పుట్టిన కొత్తలో ఇద్దరూ కూర్చుని అనుకున్నారు. సొంత ఇల్లు కట్టుకోవాలి, బిడ్డని పరాయి చేతుల్లో పెట్టకూడదు, ఆమె పై పరీక్షలు రాసి హెడ్ నర్సు కావాలి. దేనికోసమూ దేన్నీ వదులుకోకూడదు! అందుకే పగలు ఆయన బస్సు, రాత్రి ఆమె ఆసుపత్రి. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుంటే ఈమె చెప్పులు వేసుకునేది. బిడ్డ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారేది. "పాలు తాగింది, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, చూసుకోండి..." వార్డులో రోగిని అప్పజెప్పినట్టు చెప్పేసి పరుగెత్తేది. కాపురం ఎంత చక్కగా దిద్దుకున్నారో అని అందరూ మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా, పిచ్చిది! అనుకున్నవన్నీ జరిగాయి. ఇల్లు లేచింది. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. హెడ్ నర్సు అయ్యాక ఆమెకి పగటి డ్యూటీ వచ్చింది. ఇక సాయంత్రాలన్నీ మావేనని ఎంత సంబరపడిందో!

ఆ సాయంత్రాలు రానే వచ్చాయి. "తిన్నారా?" "తిన్నాను, నువ్వు?" అంతే... ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. అలవాటు లేకేలే, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని తనకు తానే చెప్పుకుంది.

"నేనంటే అంత వెగటు పుట్టిందా మీకు?" కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"ఛ, వెగటేమిటే!" ఆయన గుండీ వదిలేసి తలెత్తాడు. "నా సెలవురోజున నువ్వు నిద్రపోతూ ఉండేదానివి. చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద తిరిగేవాణ్ణి. నీ పక్కన కూర్చుని మనసులోనే బోలెడు కబుర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడు నువ్వు మేలుకుని ఎదురుగా కూర్చుంటే... ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది నాకు. నీ తప్పేం లేదు..."

ఆగి, గ్లాసు వైపు చూశాడు. "నేను కాఫీలో చక్కెర మానేసి చాలా ఏళ్ళయింది. నువ్వు వేసిస్తుంటే, నొచ్చుకుంటావని తాగేస్తున్నాను."

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. ఏ మంచం మీది రోగికి ఏ మందు పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కట్టుకున్నవాడు చక్కెర ఎప్పుడు మానేశాడో తెలియదు! అడిగే తీరికే లేకుండా అన్నిటికీ వేళలు పంచిపెట్టుకున్నారు. ఒకరికొకరు మాత్రం మిగల్లేదు. ఎవరిని నిందించాలి?

అంతలో ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, వెనకాల దగ్గింది నాన్నేనా? ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారా? ఎవరికి ఒంట్లో బాగాలేదు? నిజం చెప్పు!"

"ఎవరికీ ఏం కాలేదు తల్లీ..."

"హమ్మయ్య! మీరిద్దరూ ఒకేసారి ఇంట్లో ఉంటే నాకు భయమమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరికో ఒకరికి జ్వరమొస్తేనే కదా అలా ఉండేవాళ్ళు!" అంటూ పకపకా నవ్వింది పిల్ల.

"నాన్న డ్యూటీకి బయల్దేరుతున్నారులే. అంతా మామూలే..." అంది తల్లి.

కూతురి మాటలు ఆయనకీ వినిపించాయి. గుమ్మం దాకా వెళ్ళి, ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగిపోయాడు.

"పోనీ... ఈ పూటకి సెలవు పెట్టనా?"

ఉండిపొండి అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలో అలవాటైన మాటే నోట్లోంచి జారిపోయింది.

"వెళ్ళిరండి... ఆలస్యమవుతుంది."

ఆయన రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. ఉండమని ఒక్క మాట అంటే ఉండిపోయేవాడే...!