కానుకల సంచి ఆగిన ఆదివారం

ఛువానా తన పికప్ బండిని వెనక్కి నడిపి రెంపుయీ కూరగాయల పాకని కూల్చేసిన రోజున ఐజోల్ పైకొండలన్నీ పొగమంచులో ఉన్నాయి. వెదురు గుంజలు ఫెళఫెళా విరిగాయి. బెంగళూరు వంకాయలు బడి వదిలిన పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ లోయలోకి దొర్లిపోయాయి.

పక్కనే ఆవాకు కట్టలు సర్దుతున్న రెంపుయీ లేచి నిలబడింది.

"వెనక్కి చూసుకోవా?"

తప్పయిపోయిందని చెబుదామనే ఛువానా బండి దిగాడు. కానీ ఆ పిల్ల ఎదురుగా నిలబడితే అతని నోరు అతని మాట వినదు. ఆదివారం బడిలో బట్టీపట్టిన బైబిలంతా ఒక్కసారి తన్నుకొస్తుంది.

"వెనక్కి చూసినందుకే కదా లోతు భార్య ఉప్పు స్తంభమైంది."

"ఆవిడ నడిచి వెళ్తోంది. రివర్స్ గేరులో కాదు."

"క్షమించు మరి. డెబ్బై ఏడుల మార్లు క్షమించమన్నాడు ప్రభువు. ఇది మొదటిదేగా."

"క్షమించమని అడిగేవాడు లెక్కలు చెప్పడు. మళ్ళీ ఈ పాక దగ్గర కనిపించకు," అందామె.

సంగతి విని ఛువానా తల్లి తల పట్టుకుంది.

"దేవుడి మాటని గొడుగులా అడ్డం పెట్టుకుంటావేంట్రా? తడవాల్సిన చోట తడవాలి."

ఆ మాట ఛువానాకి తగలాల్సిన చోటే తగిలింది. ఇకమీదట వాక్యం చెప్పడం కాదు, చేసి చూపిద్దామనుకున్నాడు. మర్నాడు తెల్లవారకముందే వెదుళ్ళు నరికి తెచ్చి, ఊరు లేచేలోపు పాకని మునుపటికంటే గట్టిగా నిలబెట్టాడు. కుడిచెయ్యి చేసిన మేలు ఎడమచేతికి తెలియకూడదు కాబట్టి కన్నతల్లికి కూడా చెప్పలేదు.

ఆ పొద్దున వాన ముంచుకొచ్చింది. స్కూల్లో కొత్తగా చేరిన జోవా టీచరు పరుగెత్తుకొచ్చి ఆ పాక కిందే నిలబడ్డాడు. రెంపుయీ వచ్చి, కొత్త పాకనీ దాని కింద మనిషినీ చూసి, "ఎంత సాయం చేశారండీ," అంది. ఆడపిల్లలతో మాట్లాడాలంటే చెమటలు పట్టే టీచరు, ఏ సాయమో కూడా అర్థంకాక, సిగ్గుపడి నవ్వాడు.

మిగతాది ఊళ్ళో ఆడవాళ్ళు పూర్తిచేశారు. నెల తిరక్కుండానే టీచరు తరఫు పెద్దలు సోమవారం రెంపుయీ ఇంటికి సంబంధం మాట్లాడడానికి చంఫాయ్ నుంచి వస్తున్నారని కబురొచ్చింది.

ఛువానాకి అన్నం సయించలేదు. ఎడమచేతికి తెలియకూడదన్నది బాగానే ఉంది. ఊరంతా పక్కవాడి చేతిని మెచ్చుకుంటుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా రాసిలేదు.

వాళ్ళు రావడానికి ముందురోజు, ఆదివారం, పాస్టరుగారు బలిపీఠం గురించి ప్రసంగించారు. కానుక తెచ్చినప్పుడు నీమీద ఎవరికైనా విరోధముందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడు అన్నారు. తర్వాత పాట మొదలైంది. ఆ వారం ఆడవాళ్ళ వరుసల్లో కానుకల సంచి పట్టే వంతు ఛువానాది.

సంచి రెంపుయీ ముందుకొచ్చి ఆగింది. ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

"వెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి.

"ప్రసంగం విన్నావా, నిద్రపోయావా?"

"విన్నాను. నువ్వు సమాధానపడాలి."

"సరిగ్గా విను. విరోధం ఉన్నది నాకు, నీమీద. వదిలి వెళ్ళాల్సింది నువ్వు."

వెనక వరుసలో ముసలమ్మలు పాట ఆపి చెవులు రిక్కించారు. ఛువానా ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత సంచిని నడవా మధ్యలో నేలమీద పెట్టి తలుపు వైపు నడిచాడు. రెంపుయీకి అతని వెనకాల వెళ్ళక తప్పలేదు.

రెంపుయీ తండ్రి పూ ఖుమా సంఘంలో పెద్ద. ఆయనే పాట నడిపిస్తున్నాడు. సంచి చూశాడు, తలుపు చూశాడు. పాట అయిపోగానే, "మళ్ళీ మొదటి చరణం," అన్నాడు.

వరండా అంచున వాన ధారగా పడుతోంది.

"పాక కూల్చినందుకా ఇంకా కోపం?" అన్నాడు ఛువానా.

"పాక కోసం ఎవడికి కోపం? ఆ తర్వాత ముఖం చాటేసినందుకు. ఒక్క వెదురు ముక్క తెచ్చి పడేసినా సరిపోయేది. ఎవరో పరాయి మనిషి వచ్చి కట్టాడు."

"ఆయనే కట్టానన్నాడా?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. రెంపుయీ కళ్ళు చిన్నవయ్యాయి.

"మరెవరు కట్టారు?"

"చెప్పకూడదు. కుడిచెయ్యి చేసింది..."

"ఎడమచెయ్యి చూపించు."

అరచేతి నిండా వెదురు కోసిన గాట్లు, మాని నల్లబడ్డాయి.

"దీనికి తెలియకుండానే ఇన్ని పడ్డాయా?"

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడొక్క మాట చెప్పు, ఛువానా. బైబిల్లోది కాదు, నీది."

లోపల మూడోసారి మొదటి చరణం అందుకున్నారు.

"నువ్వంటే నాకిష్టం. ఆ రోజు అద్దంలో చూస్తూనే ఉన్నాను. రోడ్డుని కాదు, నిన్ను."

రెంపుయీ నవ్వాపుకోవాలని చూసింది, కుదరలేదు.

"దాన్ని ఆ రోజే చెప్పొచ్చుగా. వంకాయలైనా మిగిలేవి."

ఆరాధన అయ్యాక పూ ఖుమా ఇద్దరినీ మెట్ల దగ్గర ఆపాడు.

"ఏం తేలింది?"

"రేపు వచ్చేవాళ్ళకి కాదని చెప్పండి నాన్నా," అంది రెంపుయీ.

ఆయన ఛువానా వైపు తిరిగాడు. ఛువానా నోటికి బైబిల్లో రిబ్కా పెళ్ళి కథ వచ్చింది, రాహేలు కథ వచ్చింది. రెండూ మింగేశాడు.

"మీ అమ్మాయిని నాకివ్వండి."

"మీ పెద్దల్ని ఎల్లుండి పంపు. రేపటివాళ్ళు వానలో అంత దూరం నుంచి ఊరికే వస్తున్నారు, కడుపు నిండా పెట్టి పంపాలి. వాళ్ళ పొట్ట కొట్టినవాడివి నువ్వే. పొయ్యిలోకి కట్టెలు కూడా నువ్వే కొట్టు."

సోమవారం ఛువానా కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు. కాదన్న మాట విని ముఖాలు ముడుచుకున్న పెద్దలకి బురద కాళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళిచ్చాడు. పంది మాంసం మారు వడ్డించాడు. తిన్నకొద్దీ వాళ్ళ ముఖాలు విచ్చుకున్నాయి. వెళ్ళేముందు వాళ్ళలో పెద్దాయన పూ ఖుమా చెవి దగ్గరికి వంగాడు.

"మా తమ్ముడి కూతురొకతి ఉంది. ఈ కుర్రాడెవరో బంగారంలా ఉన్నాడు. పెళ్ళి కుదిరిందా?"

పూ ఖుమా నోరు తెరిచేలోపే వంటింట్లోంచి రెంపుయీ గొంతు వినిపించింది.

"నిన్ననే కుదిరిందండీ."