ముల్లు చూపని మంట

ఎలక్ట్రిక్ బస్సుల మీటర్లు సరిచూసే ఇంజనీరును పట్టపగలు లిఫ్టులో కాల్చేశారు. గంటలో ఏజెంట్ తాబేలుకు చీఫ్ నుంచి పిలుపు వచ్చింది.

"శాంతి చర్చలకొచ్చిన ప్రతినిధులు ఎలక్ట్రిక్ బస్సులో వెళ్తున్నారు. దాన్ని తగలబెట్టాలని విదేశీ ముఠా ప్లాను. మెకానిక్ వేషంలో ఎక్కు. అంతా బాగుంటే 'గొడుగు' అను. తేడా వస్తే 'వాన'."

"తోడెవరు సార్?"

"మిణుగురు."

తాబేలు ముఖం వెలిగిపోయింది. అతనికా పేరు పెట్టింది మిణుగురే. మీటరు పట్టుకోవడం దగ్గర్నుంచి పని నేర్పిందీ ఆవిడే. వచ్చే నెల ఇద్దరికీ పెళ్లి.

బస్సు కదిలింది. వెనక క్యాబిన్‌లో బ్యాటరీ, లావుపాటి కేబుల్, పైన ముల్లు మీటరు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో గైడు వేషంలో మిణుగురు చూడముచ్చటగా ఉంది.

"వంద ఆంప్స్. కేబుల్ నూట యాభై దాకా తట్టుకుంటుంది. గొడుగు అని చెప్పెయ్. సొరంగానికి ముందున్న గేటు దగ్గర దిగిపోయి కాఫీ తాగుదాం, రా," అంది.

తాబేలు నోరు తెరిచి ఆగిపోయాడు. ఆవిడ కేబుల్ ముట్టుకోలేదు! ఇన్నేళ్లలో చెయ్యి వేసి చూడకుండా మీటరును నమ్మిన మనిషి కాదు. "ముల్లు సగటే చెప్తుంది మొద్దూ, నిజం కేబుల్ చెప్తుంది" అని నెత్తిన మొట్టి మరీ నేర్పింది.

తనే చెయ్యి వేశాడు. అరచెయ్యి చుర్రుమంది. కరెంటు పారే తీరు గీసి చూపే వాచీలోని స్కోపు ఆనించాడు. ఎవరో కంట్రోలర్ ప్రోగ్రాం మార్చేశారు. కరెంటు తునకలు తునకలుగా పారుతోంది. పావు వంతు సేపు నాలుగు వందలు, మిగతా సేపు సున్నా. ముల్లు చూపేది సగటు వందే. వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక రెండు వందలకు తగ్గట్టు పుడుతోంది. పాపం, చచ్చిపోయిన ఇంజనీరు ఇదే పట్టుకుని ఉంటాడు.

"నువ్వా?" అన్నాడు తాబేలు.

ఆవిడ పిస్టల్ తీసింది.

"దిగిపోదాం రమ్మన్నాగా! నిన్ను చంపుకోలేకే కదా రమ్మన్నాను!"

"ముందు సీట్లలో ముప్పై మంది ఉన్నారే!"

కేబుల్ తొడుగు పొగ కక్కింది. తాబేలు కాలిన చేత్తోనే మెయిన్ స్విచ్ లాగేశాడు. బస్సు సొరంగం ముందు ఆగిపోయింది. పిస్టల్ పేలలేదు.

"సార్, వాన," అన్నాడు మైకులో. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

చీఫ్ మనుషులు వచ్చి బేడీలు వేస్తుంటే మిణుగురు అతని చేతికేసి చూసింది. "కట్టు కట్టించుకో. తడవనివ్వకు," అంది. అతను తల తిప్పుకున్నాడు.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "ఎలా ఉన్నావోయ్?"

"సగటున బాగానే ఉన్నాను సార్."