ఎవరూ ‘ఆపండి’ అనలేదు

మా హైస్కూల్లో చీకటి పడ్డాక ఎవరూ కాలు పెట్టని చోటు ఒకటుండేది — నేలమాళిగలో చిట్టచివరి గది. టైపింగ్ గది.

మా బడిలో రెండు జాతుల వాళ్ళుండేవారు. కాలేజీకి పోయేవాళ్ళు పై అంతస్తులో లాటిన్, జామెట్రీ వెలగబెట్టేవారు. పని నేర్చుకునేవాళ్ళు కింద చెక్కపని, కుట్టుపని, టైపింగ్ చూసుకునేవారు. పైవాళ్ళకి కిందవాళ్ళు ‘రంపప్పొట్టు గాళ్ళు’. కిందవాళ్ళకి పైవాళ్ళు ‘మేడ మీది దొరలు’. భోజనాల గదిలో కూడా ఎవరి బల్లలు వాళ్ళవే. ఈ రెండు జాతులూ ఒక్క మాట మీద నిలబడింది ఆ గది విషయంలోనే. అక్కడ దెయ్యం ఉంది!

పూర్వం అక్కడ మిసెస్ బ్రాంట్ అని ఒక టీచరు ఉండేదట. పరీక్ష రోజున చేతిలో గడియారం పట్టుకుని “మొదలుపెట్టండి” అనేది. అయిదు నిమిషాలకి “ఆపండి” అనేది. ఆ మాట వినగానే కాగితం సర్రున లాగి, నడిచొచ్చి ఆవిడ చేతికివ్వాలి. ఆ మాట రాకముందు ఆపావో — సున్నా.

ఒకనాడు ఆవిడ “మొదలుపెట్టండి” అంది. అని, మెల్లగా తల బల్ల మీద వాల్చింది…

అయిదు నిమిషాలయింది. పదయింది. పిల్లల వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అయినా సున్నాకి భయపడి ఒక్కరూ ఆపలేదు. చివరికి ఒక పిల్ల ధైర్యం చేసి లేచి, టీచరు చెయ్యి ముట్టుకుంది — మంచుగడ్డ!

అప్పట్నుంచీ చలికాలం సాయంత్రాలు ఆ గదిలోంచి టకటకా చప్పుడొస్తుందని చెప్పుకునేవారు. ఆ పరీక్ష ఎందుకాగుతుంది మరి? ఎవరూ ‘ఆపండి’ అనలేదుగా!

వెర్డా కిమెల్ ఇవన్నీ వింటూ పెరిగిందే. లాటిన్ క్లాసులో మొదటి పిల్ల, మేడ మీది దొరల్లో దొరసాని. కానీ ఆ ఏడు ఆ పిల్ల మనసంతా నేలమాళిగలోనే ఉంది. ఊళ్ళో పత్రిక నడిపే పెద్దమనిషి ఆమె రాసింది చదివి, “బాగుంది గానీ నీ కోడిగీతలు చదవడం నా వల్ల కాదమ్మా. టైపు నేర్చుకుని జూన్‌లో రా, ఉద్యోగమిస్తా” అన్నాడు. వెర్డాకి ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

అయితే లాటిన్ పిల్ల టైపింగ్‌లో చేరాలంటే లాటిన్ టీచరు సంతకం కావాలి. మిస్ హాథోర్న్ కళ్ళద్దాలు పైకి తోసి, ఒకే ఒక్క మాట అంది. “లాటిన్ పుటలు తిప్పిన వేళ్ళు మీటలు కొట్టడానికి కాదు, వెర్డా.”

ఆ మాట వెర్డాకి ఎక్కడో కాలింది. సంతకం లేకపోతే మానె. బడి వదిలాక దొంగతనంగా నేర్చుకోవాలనుకుంది.

“ఒసే, నీకు మతి గానీ పోయిందా?” అన్నాడు పక్కింటి లీలండ్. వాడిది చెక్కపని క్లాసు. “ఆ గదిలోకా? చీకటి పడ్డాకా?”

“తాళం ఎట్లా రా?”

“తాళం ఏడ్చినట్టే ఉంది. ఆ తలుపు బిగించింది మేమేగా, గట్టిగా తోస్తే వచ్చేస్తుంది.” వాడు గొంతు తగ్గించాడు. “మొన్న మంగళవారం నా చెవులతో విన్నానే… టక్… టక్… అని.”

“మరి నువ్వేం చేశావు?”

“ఏం చేస్తా? నా టోపీ కూడా అక్కడే వదిలేసి వచ్చా. కనిపిస్తే తెచ్చిపెట్టు.”

డిసెంబరు సాయంత్రం. నాలుగున్నరకే చీకటి. పైన బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ కోసం ముందు తలుపు తీసే ఉంది. వెర్డా టార్చి లైటు కోటు జేబులో పెట్టుకుని మెట్లు దిగింది. కింద బాయిలర్ వేడి, రంపప్పొట్టు వాసన. నడవ మొదట్లో నేల మీద లీలండ్ టోపీ కనిపించింది. నవ్వబోయి ఆగిపోయింది.

ఎందుకంటే… అదిగో.

టక్… టక్ టక్… టక్…

వెర్డా గోడకి అతుక్కుపోయింది. చప్పుడు చివరి గదిలోంచే వస్తోంది. తలుపు కింద వెలుతురు చారైనా లేదు. లోపల కటిక చీకటి!

వెనక్కి పోదామనుకుంది. జూన్ గుర్తొచ్చింది. పోతే ఉద్యోగమూ పోతుంది, పైగా లీలండ్ గాడు జన్మంతా ఏడిపిస్తాడు. కళ్ళు గట్టిగా మూసుకుని భుజంతో తలుపు తోసింది.

చప్పుడు ఠక్కున ఆగింది.

టార్చి వేసింది. వరసగా యంత్రాలు. మీటల మీద ఒక్క అక్షరం లేదు. పిల్లలు చూసి కొట్టకుండా అన్నిటికీ నల్లమూతలు తొడిగేశారు. కళ్ళతో పనిలేని గది అది. దెయ్యాలకి సరిగ్గా సరిపోతుంది.

మొదటి వరుసలో ఒక యంత్రానికి కాగితం తగిలించి ఉంది. ముందున్న కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది…

వెర్డా కాగితం మీదికి వంగింది. ఎ, ఎస్, డి, ఎఫ్… మళ్ళీ ఎ, ఎస్, డి, ఎఫ్… పేజీ నిండా అదే! ఏదో మంత్రం. ఇంగ్లీషు కాదు. లాటిన్ చచ్చిన భాషే కదా, చనిపోయినవాళ్ళకి వచ్చే ఉంటుందని, ఏ విభక్తో తేల్చుకుందామని పెదాలు కదిపింది. “అస్‌డ్‌ఫ్… అస్‌డ్‌ఫమ్…”

“అది లాటిన్ కాదు, వెర్డా,” అంది చీకట్లోంచి ఒక గొంతు. “టైపింగ్ మొదటి పాఠం.”

టీచరు బల్ల వెనకనుంచి నెరిసిన జుట్టు ముడి లేచింది. తర్వాత కళ్ళద్దాలు లేచాయి. మోకాళ్ళ మీది దుమ్ము దులుపుకుంటూ మిస్ హాథోర్న్ మొత్తం లేచింది!

“ఆ లైటార్పు ముందు. పైనున్న కిటికీలోంచి రోడ్డుకి కనిపిస్తుంది.”

వెర్డా ఆర్పింది. భయం పోయిన చోటికి కోపం వచ్చింది. “నాకు సంతకం పెట్టనన్నారు, మిస్.”

“అన్నాను.”

“లాటిన్ పుటలు తిప్పిన వేళ్ళు మీటలు —”

“ఆ వేళ్ళ సంగతి నాకిప్పుడు తెలిసిందిలే. చిటికెన వేలు చెప్పిన మాట వినదు.” మిస్ హాథోర్న్ నిట్టూర్చింది. “లాటిన్‌కి పిల్లలు తగ్గిపోతున్నారు. వచ్చే ఏడు పొద్దున లాటిన్, మధ్యాహ్నం టైపింగ్ చెప్పమన్నాడు ప్రిన్సిపాల్. ఈ వయసులో నేను తడుముకుంటూ నేర్చుకోవడం పిల్లల కంట పడితే… సిగ్గేసింది. ఆ కచ్చ నీ మీద తీర్చుకున్నాను. తప్పు నాదే.”

వెర్డాకి ఆవిడ మీద జాలేసింది. ఆ జాలికి తనకే సిగ్గేసింది.

“అయితే ఒకటి చెప్పు,” మిస్ హాథోర్న్ గొంతు తగ్గించి, కాస్త ఉడుక్కుంటూ అడిగింది. “రోజూ వెనక వరుసలో చేరి నాతోపాటు కొడుతున్నావుగా. అంత వేగం ఎట్లా వచ్చింది నీకు?”

“నేనా?”

“నువ్వే. నిన్ను గుర్తుపట్టలేదనుకున్నావా? నాలాగే దొంగతనంగా వచ్చావని ఊరుకున్నాను.”

“మిస్…” వెర్డా వెనక వరుస వైపు తిరిగింది. “నేను ఈ గదిలోకి రావడం ఇదే మొదలు.”

పైన బంతి దబ్‌దబ్‌మని మోగుతోంది. అంతలో అది ఆగింది.

వెనక వరుసలో… టక్.

టక్ టక్. టకటకటకటక — రేకుల మీద వాన కురిసినట్టు! టింగ్‌మని గంట, మళ్ళీ కొత్త వరుస, మళ్ళీ టకటక…

వెర్డా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అప్పుడు మిస్ హాథోర్న్ గాలి పీల్చుకుని, నడవల్లో అల్లరి పిల్లల్ని రాళ్ళలా నిలబెట్టే ఆ గొంతుతో ఒక్క అరుపు అరిచింది.

“ఆపండి!”

ఆగిపోయింది.

అమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ. ఇంతలో… సర్రున కాగితం లాగిన చప్పుడు.

తర్వాత అడుగులు. బల్లల మధ్యనుంచి, బుద్ధిగా, నింపాదిగా… టీచరు వైపు.

ఇద్దరూ తలుపెలా తీశారో, మెట్లెలా ఎక్కారో వాళ్ళకే తెలియదు. లీలండ్ టోపీ ఉన్నచోటే ఉండిపోయింది. పై మెట్టు మీద దీపం కింద కూలబడి, ఊడిన జుట్టు ముడి సర్దుకుంటూ, మిస్ హాథోర్న్ ఆయాసంతోనే అంది.

“రేపు సంతకం పెడతాను. కానీ వెర్డా… ముందు వరుసలోనే కూర్చో తల్లీ.”