ఇద్దరికీ ఒకటే గిన్నె

మునిసా వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేసరికి అత్తగారు సనోబర్ పాలచాయ్ కాచేసింది. ఉజ్బెక్ ఊరు రిష్తాన్‌లో పొద్దున్నే ఏ వీధిలోకి వెళ్లినా అదే వాసన. కాగిన పాలు, ఉప్పు, వెన్న, పక్కింటి తందూరు పొయ్యిలోంచి వేడి రొట్టె. పెరట్లో చెక్క అరుగు మీద భోజనాల గుడ్డ పరిచి ఉంది. మామగారు తుర్గున్ వచ్చి తన చోట చతికిలబడ్డాడు. ఆయన దువా చేసి రొట్టె తుంచితే తప్ప ఆ ఇంట్లో ఎవరి నోరూ కదలదు.

తుర్గున్ కుండల కార్ఖానాలో ఆవం కాలుస్తాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటినుంచీ మంట ముందే బతుకు. గిన్నె అడుగున పేరు దాన్ని తిప్పిన ఉస్తాద్‌ది, ఊపిరితిత్తుల్లో పొగ తనది. అందుకే మనిషి కాస్త చేదు. ఆ చేదుకి ఇంటిల్లిపాదీ అలవాటు పడిపోయారు.

ఆయన ముందు పెద్ద నీలం గిన్నె ఉంది. పెళ్లయిన కొత్తలో తనే సారె మీద తిప్పి, తనే రంగు పూసి, తనే కాల్చాడు. ఇద్దరు తినేంత వెడల్పు. అంచు ఒక పక్క వంకర పోయింది, అయినా అమ్మలేదు, పారేయలేదు. రోజూ పొద్దున అందులో పాలచాయ్ పోసి, రొట్టె తుంచి వేసి, మొగుడూ పెళ్లాం చెరో చెంచాతో తింటారు. ఊళ్లో మగవాళ్లు ఎగతాళి చేసినా ఆయన మానలేదు.

ఆ రోజు మునిసా ఇంకో పళ్లెం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఉడికించిన గుడ్డు, దోసకాయ ముక్కలు, వడగట్టిన పెరుగు, చిన్న గిన్నెలో గ్రెచ్కా అనే ముతక గింజల ముద్ద.

"ఇదేంటి?" అన్నాడు తుర్గున్.

"అత్తయ్యకి, మావయ్యా. నిన్న డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చక్కెర బాగా పెరిగిపోయిందంట. పొద్దున పూట తెల్ల రొట్టె, పటికబెల్లం టీ, జామూ అన్నీ ఆపమంది. ఇవి పెట్టమంది."

"గ్రెచ్కానా? పట్టాళంలో ఉన్నప్పుడు పెట్టేవాళ్లు. దానికన్నా ఆకలే నయం అనిపించేది."

కొడుకు దిల్‌మురోద్ ఫక్కున నవ్వి, తండ్రి మొహం చూసి ఆపేశాడు. "జోక్ కాదు నాన్నా. చక్కెర జబ్బంటే..."

"చక్కెర జబ్బు తిండి వల్ల రాదురా. దడుపు వల్ల వస్తుంది. నువ్వు కొత్తగా టాక్సీ తీసి కాలవలోకి దింపిన రోజే మీ అమ్మకి పట్టుకుంది."

"అయ్యో, దానికీ నేనేనా!"

"మరి నేనా?"

సనోబర్ పళ్లెం వైపు చెయ్యి చాచబోయి మొగుడి వైపు చూసింది. తుర్గున్ పళ్లెం తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"చూడు పిల్లా, నీమీద కోపం లేదు. కానీ ఈ ఇంట్లో వేరే గిన్నె వద్దు. వేరే గిన్నె కుక్కకి పెడతారు, పరాయివాడికి పెడతారు. నాకూ పెట్టారు. మా అమ్మ పోయాక వచ్చినావిడ తన పిల్లల్ని గుడ్డ చుట్టూ కూర్చోబెట్టి, అంచు విరిగిన గిన్నె ఒకటి నాకిచ్చి తందూరు వెనక్కి పొమ్మనేది. నా పెళ్లాం ఆ రకంగా తినదు. నేను బతికుండగా తినదు."

ఆయన రొట్టె తుంచాడు. మెత్తటి మధ్య ముక్క ఎప్పట్లాగే సనోబర్ వైపు వేశాడు. తల తిరుగుతోందని రాత్రి అంది కదా అని, టీలో పటికబెల్లం పలుకు కూడా వేసి కలిపాడు.

"తాగు దిల్‌మురోద్ అమ్మా. ఒంట్లో సత్తువ వస్తుంది."

ఆమె తాగింది.

తర్వాతి రోజుల్లో గొడవేమీ లేదు. మునిసా పళ్లెం తేవడం మానేసింది. తన మాట నెగ్గిందనుకున్నాడు తుర్గున్.

ఒక ఉదయం కార్ఖానాకి బయల్దేరి, తువ్వాలు మర్చిపోయి వెనక్కి వచ్చాడు. పెరట్లో ఎవరూ లేరు. తమ తందూరు వెనక, కట్టెల పక్కన, ఏదో కదిలింది. పిల్లి అనుకుని తొంగి చూశాడు.

సనోబర్. గోడకి ఆనుకుని నిలబడి, అంచు విరిగిన గిన్నెలోంచి చల్లారిన గ్రెచ్కా గబగబా తింటోంది. వేళ్లతోనే. మెతుకులు గడ్డానికి అంటుకున్నాయి. వంటింటి గుమ్మంలో మునిసా కాపలా నిలబడి ఉంది. మామగారిని చూసి ఆ పిల్ల మొహం తెల్లబోయింది.

"మావయ్యా, నేనే..."

"నువ్వు లోపలికి పో."

సనోబర్ గిన్నె వెనక దాచుకుంది. ఏం దొంగతనం చేసిందని దాచుకుంది? కానీ ఆ ప్రశ్న ఆయనకప్పుడు రాలేదు. కళ్లముందు ఆ విరిగిన అంచే కనబడింది, చెవుల్లో మారుతల్లి గొంతే వినబడింది.

"నేను వెళ్లాక ఇక్కడా నీ తిండి? నాతో కలిసి తిన్నది కక్కేసి, ఇక్కడికొచ్చి కడుపు నింపుకుంటున్నావా?"

"కక్కడమెందుకు? అదీ తిన్నాను, ఇదీ తింటున్నా."

"రెండూనా?"

"నీతో తినకపోతే నువ్వు బాధపడతావు. ఇది తినకపోతే మునిసా బాధపడుతుంది. ఇద్దరూ నా మంచికే చెబుతున్నారుగా." నవ్వబోయింది. "మధ్యలో నాకే ఒళ్లొస్తోంది."

ఆ నవ్వులో ఆయనా కలిసి ఉంటే ఎంత బాగుండేది. ఆయన కలవలేదు. "ఇవాళ్టితో ఆపెయ్. నాతో కాపురం చేసినన్నాళ్లూ నా గిన్నెలోనే తిను. కాదంటే చెప్పు, ఆ నీలం గిన్నె బద్దలు కొట్టేస్తా."

ఆమె చేతిలోది కోళ్లకి వేసేసి, గిన్నె కడిగి బోర్లించింది.

"సరే, దిల్‌మురోద్ నాన్నా," అంది.

ఆ 'సరే' అన్న మాటని ఆమె నిలబెట్టుకుంది. ఆయన తుంచింది తింది, కలిపింది తాగింది. కళ్లు మసకగా ఉన్నాయంటే వయసన్నాడు. అరికాళ్లు దూదిలా ఉన్నాయంటే, వెచ్చటి మేజోళ్లు కొనిపెట్టాడు. ప్రేమ లేక కాదు. చలికాలం రాకముందే రెండు జతలు కొన్నాడు పాపం.

శరదృతువులో, ద్రాక్షపందిరి ఆకులు రాలే రోజుల్లో, ఒక శుక్రవారం రొట్టెలు కాలుస్తోంది సనోబర్. తుర్గున్ అరుగు మీద కూర్చుని కార్ఖానా ముచ్చట్లు చెబుతున్నాడు. కొత్త ఉస్తాద్‌కి ఆవం మంట రంగు కూడా తెలీదని, పేరు మాత్రం పెద్దదని, ఎప్పటి ఏడుపే. ఆమె ఊ కొడుతూ పొయ్యిలోకి వంగి, ముద్దలు గోడకి అతికిస్తోంది. కాళ్లకి చెప్పులు లేవు. నిప్పులు పక్కకి లాగినప్పుడు ఒకటి రెండు కింద పడ్డాయి.

"ఏదో మాడుతోందే," అన్నాడాయన.

"రొట్టె కాదు, ఇప్పుడే వేశా." మళ్లీ వంగి చూసింది. "లేదు, బాగానే ఉన్నాయి."

మంట ముందు నలభై ఏళ్లు బతికిన మనిషి. కట్టె కాలితే ఏ వాసనో, ఉన్ని కాలితే ఏ వాసనో ఆయన ముక్కుకి తెలుసు. ఇది వేరు. లేచి దగ్గరికి వచ్చాడు. కిందికి చూశాడు.

నిప్పు ఆమె కాలివేళ్ల కింద ఉంది. ఆమె దాని మీదే నిలబడి, చేతిలో పిండి సరిచేసుకుంటోంది.

"కాలు తియ్యి! సనోబర్, కాలు తియ్యవే!"

పెళ్లయ్యాక ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమె దానికి ఆశ్చర్యపోయింది, కాలికి కాదు. "ఎందుకు అరుస్తావు? ఏమైంది?" అంటూ అటూ ఇటూ చూసింది.

ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

డాక్టరమ్మ ఆయన్ని వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టి మాట్లాడింది. నిప్పు వల్ల పుండు పడింది, నిజమే. కానీ నిప్పు తగిలితే తెలియాల్సిన నరం ఎప్పుడో చచ్చుబడిందని, చక్కెర అదుపులో ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదేమోనని చెప్పింది. తర్వాత మామూలుగానే అడిగింది.

"పొద్దున ఏం తింటుంది ఆవిడ?"

తుర్గున్ నోరు తెరిచాడు. ఎవరి మీదైనా ఏదైనా అనగల నోరది. "నేను పెట్టింది," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ, చిన్నప్పుడు తందూరు వెనక తను తిన్న పూటలు గుర్తు చేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ సనోబరే గుర్తొచ్చింది. తన మనిషిని ఎవరూ అలా నిలబెట్టకూడదని బతుకంతా అనుకుని, చివరికి ఆమెను తనే అక్కడ నిలబెట్టాడు. మారుతల్లి కనీసం పరాయిది.

సనోబర్ ఇంటికొచ్చిన మర్నాడు మునిసా చీపురు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి, వంటింట్లో దీపం వెలుగుతోంది. లోపల మామగారు గ్రెచ్కా గింజలు ఏరుతున్నాడు.

"అయ్యో మావయ్యా, మీరెందుకు? ఇలా ఇవ్వండి."

"నీళ్లెంత పొయ్యాలో చెప్పు చాలు. మట్టికి ఎన్ని నీళ్లు పట్టేదీ తెలుసు, దీనికి తెలీదు."

"గింజలకి రెట్టింపు."

"మట్టికి అంత పోస్తే కుండ నిలవదు," అంటూనే పోశాడు.

సనోబర్ కోడలి భుజం పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. ఆయన పెద్ద నీలం గిన్నె తెచ్చి గుడ్డ మధ్యలో పెట్టాడు. అందులో గ్రెచ్కా ముద్ద, చిదిపిన గుడ్డు, పెరుగు. వంకర అంచు తన వైపు తిప్పుకుని రెండు చెంచాలు వేశాడు.

ఆమె గిన్నెలోకి చూసింది. "నీకు పడదుగా ఇది. పట్టాళం తిండి."

"ఆకలే నయమనుకునేవాణ్ని. బుద్ధి తక్కువ రోజులు." ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. "ఉప్పు మర్చిపోయా."

"ఇంత చిన్న సంగతే," అంది సనోబర్ మెల్లగా. "గిన్నె మార్చక్కర్లేదు. లోపలిది మారిస్తే సరిపోయేది. నాకూ తట్టలేదు చూడు, అన్నాళ్లూ."

నింద లేదు ఆ గొంతులో. ఉంటే తట్టుకునేవాడు. తుర్గున్ తల వంచుకుని, కట్టు కట్టిన ఆ కాలిని రెండు చేతులతో జాగ్రత్తగా తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. కోడలి ముందు అలాంటి పని ఎన్నడూ చేయని మనిషి. మునిసా గబుక్కున చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడవసాగింది.

"తిను, దిల్‌మురోద్ అమ్మా. చల్లారిపోతుంది."

"నువ్వు దువా చెయ్యలేదు. నువ్వు తుంచకుండా ఎలా తినను?"

తుంచడానికి ఆ గుడ్డ మీద రొట్టె లేదు. ఆయన ఖాళీ చేతులు ఎత్తాడు. పెదాలు కదిలాయి. ఆమె ఆ దువా అయ్యేదాకా ఎదురుచూసి, ఆమీన్ అని చేతులతో మొహం తుడుచుకుని, చెంచా తీసుకుంది.